మూడు తరాల పేర్లు అడిగితే వదినగారు లేచి వెళ్లిపోయారు

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. లాంగ్ బీచ్‌లో స్థిరపడిన కంబోడియా వాళ్ల అమ్మాయిని ఇష్టపడ్డాడు. పిల్ల బంగారం, మాకేమీ అభ్యంతరం లేదు. మాఘమాసంలో ఇక్కడే పెళ్లి. ఈ వేసవిలో నేనూ మావారూ వెళ్లి వాళ్లింట్లో నాలుగు రోజులు ఉన్నాం. ఒకరోజు రాత్రి గిన్నె అడుగున మిగిలిన అన్నం చెత్తబుట్టలో వేయబోతుంటే అమ్మాయి అమ్మమ్మగారు వచ్చి నా చేతిలో గిన్నె లాక్కున్నారు. ఎనభై ఏళ్లావిడ. ఒక్క మాటా అనలేదు, చేతులు మాత్రం వణికాయి. ఆవిడ మంచం కింద బియ్యం మూటలు, దిండు గలీబులో బిస్కెట్ ప్యాకెట్లు కూడా చూశాను. మర్నాడు, పంతులుగారు ప్రవర కోసం మూడు తరాల పేర్లు కావాలన్నారని వదినగారిని, అంటే అమ్మాయి తల్లిని అడిగాను. నాలుగైదు పేర్లు రాశారు. "వీళ్లు ఎప్పుడు పోయారు, ఎలా పోయారు" అని అడిగేసరికి కాగితం అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ వయసు అడిగినా కాగితాల మీద ఒకటి, అసలుది ఒకటి అన్నారు. ఇదేం దాపరికం అనిపించింది. అమ్మమ్మగారికి ఐదుగురు పిల్లలనీ, 'పోల్ పాట్ టైం'లో ముగ్గురు పోయారనీ మావాడు తర్వాత చెప్పాడు. "ఇంకేమీ అడక్కమ్మా" అంటాడు. ఇక్కడ మా ఆడపడుచులేమో "ఎవరూ లేని సంబంధమా" అంటున్నారు. నేను తప్పు చేశానా? క్షమాపణ ఎలా చెప్పాలి? ప్రవర సంగతేంటి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు:

అమ్మా,

తప్పేం లేదు. గుడ్డ కింద పుండు ఉందని తెలియక చేయి వేశారు. ఆ పుండు ఎలా పడిందో మీ అబ్బాయి మూడు ముక్కల్లో తేల్చేశాడు. వాళ్లూ అంతే, 'పోల్ పాట్ కాలం' అని ఊరుకుంటారు. మీకు మాత్రం కాస్త వివరంగా తెలియాలి. ముందే తెలిసి ఉంటే వాళ్లని అడగాల్సిన పని ఉండదు కదా.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు, అంటే పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు దళాలు, కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్‌లోకి వచ్చాయి. వాళ్ల కొత్త సంవత్సరం పండగ వెళ్లీ వెళ్లని రోజులు, ఎండలు మండిపోయే నెల. ఐదేళ్ల అంతర్యుద్ధం ఇక అయిపోయిందని జనం రోడ్ల మీదకొచ్చి తెల్ల గుడ్డలు ఊపారు. అదే రోజు ఆ సైనికులే తుపాకులతో ఇంటింటికీ వచ్చి ఊరు ఖాళీ చేయమన్నారు. అమెరికా వాళ్లు బాంబులు వేస్తారు, రెండు మూడు రోజులే, మళ్లీ రావచ్చు అన్నారు. ఇంత పెద్ద ఊరు ఆ మాట ఎలా నమ్మింది అనిపిస్తుంది మనకి. రెండేళ్ల కిందటిదాకా ఆ దేశపు పల్లెల మీద అమెరికా విమానాలు నిజంగానే బాంబులు కురిపించాయి మరి. ఆ పల్లెలు వదిలి పారిపోయి వచ్చినవాళ్లతోనే రాజధాని జనాభా ఇరవై లక్షల దాకా పెరిగిపోయింది. బాంబులంటే ఏమిటో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయినవాళ్లని కూడా వదల్లేదు. మంచాలకు చక్రాలుంటే మంచాలతో సహా తోసుకుంటూ నడిచారు. మూడు రోజులకని బయల్దేరేవాళ్లు ఏం సర్దుకుంటారు? రెండు జతల బట్టలు, ఒక గిన్నె, మోయగలిగినంత బియ్యం. ఫొటోలు, ఇంటి కాగితాలు, పుట్టిన తేదీల కాగితాలు తాళం వేసిన ఇంట్లోనే ఉండిపోయాయి. మీరు గమనించారో లేదో, అలాంటి ఇళ్లల్లో 1975కి ముందు తీసిన ఫొటో ఉండటం అరుదు. ఎవరి దగ్గరైనా ఒకటి మిగిలిందంటే దాని వెనక పెద్ద కథే ఉంటుంది.

మూడు రోజులు మూడు సంవత్సరాల ఎనిమిది నెలలు అయ్యాయి. ఆ లోపల డబ్బు రద్దు, బజారు రద్దు, బడి రద్దు, గుడి రద్దు. 'అంగ్కార్', అంటే 'సంస్థ', అదొక్కటే తల్లీ తండ్రీ అన్నారు. ఊళ్ల నుంచి తోలుకొచ్చినవాళ్లకి 'కొత్త జనం' అని పేరు పెట్టారు. పల్లెల్లో ముందునుంచీ ఉన్నవాళ్లు పాత జనం. కొత్త జనానికి మెతుకు తక్కువ, పని ఎక్కువ, అనుమానం ఇంకా ఎక్కువ. "నిన్ను ఉంచితే లాభం లేదు, తీసేస్తే నష్టం లేదు" అని వాళ్ల ముఖం మీదే అనేవాళ్లు. 1975 చివర్లో మళ్లీ లక్షలమందిని రైళ్లలో, లారీల్లో ఎక్కించి వాయవ్య దిక్కున బట్టంబాంగ్, పుర్సాత్ వైపు తోలారు. దేశానికి అన్నం పెట్టే ప్రాంతం అది. తర్వాత ఆకలి చావులు అక్కడే విపరీతం.

వరి పండే నేల మీద ఆకలి చావులేమిటని మీరు అనుకోవచ్చు. నాకూ మొదట చదివినప్పుడు అర్థం కాలేదు. హెక్టారుకి మూడు టన్నులు పండించి తీరాలని పైనుంచి హుకుం వచ్చింది. అంతకుముందు ఆ దేశంలో సగటు పంట టన్నుకి కాస్త అటూ ఇటూ. ట్రాక్టర్లు లేవు, ఎరువు లేదు, వ్యవసాయం తెలిసినవాళ్లు చెబితే వినేవాళ్లు లేరు. పండలేదని చెప్పిన అధికారి తల ఉండదు, అందుకని పండిందనే రాసేవాళ్లు. ఆ దొంగ లెక్క ప్రకారం 'మిగులు' ధాన్యం బళ్లలో వెళ్లిపోయేది. కొంత సైన్యానికి, కొంత గోదాములకి, కొంత చైనాకి ఎగుమతి. కోతలు కోసినవాళ్లకి మిగిలింది గంజి. పాలడబ్బాతో కొలిచి పోసిన కాసిని బియ్యానికి బోలెడు నీళ్లు. గంజిలో ఎన్ని మెతుకులు ఉన్నాయో వేలితో లెక్కపెట్టుకున్నామని బతికి బయటపడినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అరటి బోదె తిన్నారు, తొండలు తిన్నారు, మిడతలు తిన్నారు. కాళ్లూ ముఖం నీరుపట్టి ఉబ్బి పోయారు.

ఇక్కడే మీ గిన్నె సంగతి వస్తుంది. 1976 నుంచి ఇంట్లో పొయ్యి వెలిగించడమే నేరం. గిన్నెలు, పళ్లేలు పట్టుకుపోయి అందరూ సామూహిక వంటశాలలోనే తినాలన్నారు. చాలామందికి చేతిలో ఒక చెంచా మాత్రం మిగిలింది. పొలంలో రాలిన గింజలు ఏరుకున్నా, పెరట్లో కాయ కోసుకున్నా 'అంగ్కార్ సొత్తు' దొంగతనమే. దానికి ప్రాణాలు తీసిన సందర్భాలు లెక్కలేనన్ని. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీసి వేరే పని దళాల్లో వేశారు. తన వాటా గంజి బిడ్డకి పెట్టాలన్నా ఆ తల్లికి బిడ్డ దగ్గర లేదు.

ఐదుగురు పిల్లల తల్లి ఆవిడ. ముగ్గురు ఎలా పోయారో మనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీరు చెత్తబుట్ట దాకా తీసుకెళ్లిన ఆ గుప్పెడు అన్నం ఆవిడ కళ్లకి ఎలా కనిపించి ఉంటుందో మాత్రం ఇప్పుడు మీరే ఊహించుకోగలరు. లాంగ్ బీచ్‌లోనే ఆ కాలం దాటి వచ్చినవాళ్లని కలిసి చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. నూటికి తొంభై తొమ్మిది మంది ఆకలితో చావు అంచుదాకా వెళ్లామన్నారు. నూటికి తొంభై మందికి తమవాళ్లలోనో స్నేహితుల్లోనో ఒకరు హత్యకి గురయ్యారు. వచ్చి ఇరవై ఏళ్లు గడిచినా అరవై రెండు శాతం మందిని ఆ గాయం మానసికంగా ఇంకా పీడిస్తూనే ఉందని తేలింది. కాబట్టి మంచం కింద బియ్యం మూటల్ని చాదస్తం అనకండి. సర్దబోకండి కూడా. మీ అబ్బాయికీ చెప్పండి, పురుగు పట్టిందనో పాతబడిందనో ఆవిడ ఊళ్లో లేనప్పుడు తీసేయవద్దని.

క్షమాపణ మాటల్లో వద్దు. "ఆరోజు తెలియక చేశానండీ" అని మీరు మొదలుపెడితే ఆవిడ మళ్లీ ఆ రోజులకి వెళ్లాలి, పైగా మిమ్మల్ని ఓదార్చాలి. ఈసారి కలిసినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ వడ్డించింది తినండి. కొంచెమే పెట్టించుకోండి, మెతుకు మిగల్చకుండా తినండి. వాళ్ల ప్రహోక్ (ఊరబెట్టిన చేప) వాసన మీకు పడకపోతే పడదని ముందే కోడలితో చెప్పించుకోండి, ఫర్వాలేదు. పెట్టించుకుని వదిలేయడం మాత్రం వద్దు. మిగిలిన అన్నం మర్నాడు పొద్దున పులిహోరో తాలింపు అన్నమో చేసి ఆవిడకే పెట్టండి. అంతకన్నా మంచి క్షమాపణ నాకు తోచడం లేదు.

ఇక పేర్ల సంగతి. మీరు పేర్లు అడిగినందుకు వదినగారు లేచి వెళ్లిపోలేదు. పేర్లు రాశారు కదా! ఎప్పుడు, ఎలా అన్నచోట చెయ్యి ఆగిపోయింది. ఎప్పుడు అంటే, క్యాలెండరు లేని చోట తేదీ ఏం చెబుతారు? ఎలా అంటే, చాలామంది విషయంలో ఎవరికీ తెలియదు. 'చదువుకోవడానికి పిలుస్తున్నారు' అని చెప్పి రాత్రిపూట తీసుకుపోతే తిరిగి రాలేదు, అంతే తెలుసు. శవం లేదు, దహనం లేదు. పోయినవాళ్ల కోసం పైకి ఏడవడం కూడా ప్రమాదమే అప్పుడు, శత్రువు కోసం ఏడుస్తున్నావా అనేవాళ్లు. ఆ రోజుల్లో వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న మాట ఒకటుంది, 'కో చెట్టు నాటుకో' అని. వాళ్ల ఖ్మేర్ భాషలో 'కో' అంటే బూరుగు, 'కో' అంటే మూగ. నోరు మూసుకుంటే బతుకుతావని అర్థం. అలా నోరు మూసుకుని బతికినవాళ్లు వాళ్లు. కాలిఫోర్నియా వచ్చినంత మాత్రాన ఆ అలవాటు పోదు.

వయసు రెండు రకాలుగా ఉండటం దాపరికం అనుకోకండి. 1979 జనవరి 7న వియత్నాం సేనలు ఆ ప్రభుత్వాన్ని కూల్చాక లక్షలమంది థాయిలాండ్ సరిహద్దుకి నడిచారు. ఖావ్-ఇ-డాంగ్ వంటి శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ ఫారం నింపేవాడు అడిగితే తోచిన తేదీ చెప్పారు. తల్లీ తండ్రీ లేని పిల్లలకైతే చెప్పేవాళ్లే లేరు. తాము చదువుకున్నవాళ్లమని, ఉద్యోగస్థులమని తెలిస్తే చంపుతారని నాలుగేళ్లు పేర్లూ ఊళ్లూ మార్చుకుని బతికినవాళ్లు మరికొందరు. జాతకం కోసం అటువైపు పెద్దల జన్మతేదీలు అడిగే పని ఇక పెట్టుకోకండి.

ఇంకో ప్రశ్న కూడా అడగవద్దు, మనవాళ్లకి పెళ్లిళ్లలో ఇది సరదా ప్రశ్న: "మీ పెళ్లి ఎలా జరిగింది?" ఆ కాలంలో ముక్కూ మొహం తెలియనివాళ్లని జంటలు జంటలుగా నిలబెట్టి బలవంతంగా పెళ్లిళ్లు చేశారు. 2018లో అక్కడి ప్రత్యేక న్యాయస్థానం దీన్ని మానవత్వం మీద జరిగిన నేరంగా తీర్పు చెప్పింది. మీ వియ్యాలవారి చుట్టాల్లో అలా పెళ్లయి, తర్వాత అలాగే కాపురం చేసిన పెద్దవాళ్లు ఉండొచ్చు. మీ ఆడపడుచుల్ని ముందే హెచ్చరించండి.

ప్రవర సంగతి చూద్దాం. మీకు చెబితే ఆశ్చర్యపోతారేమో, మన మహాలయ పక్షాల్లాంటివే వాళ్లకీ ఉన్నాయి. భాద్రపద బహుళ పక్షం పదిహేను రోజులు, అమావాస్యతో ముగింపు. పేరు 'ప్చుమ్ బెన్'. ఆ 'బెన్' మన పిండమే. తెల్లవారుజామున చీకట్లోనే గుడి చుట్టూ తిరుగుతూ అన్నం ముద్దలు విసురుతారు. ఆకలితో తిరిగే ప్రేతాల కోసమట. ప్రేతాన్ని వాళ్లు 'ప్రేత్' అనే అంటారు. ఆకలితోనే పోయిన పిల్లలున్న తల్లి ఆ ముద్ద విసరడం ఎలా ఉంటుందో నేను రాయలేను. ఆ నాలుగేళ్లూ ఈ ముద్దలు కూడా లేవు, భిక్షువుల కాషాయాలు విప్పించి పొలాలకి పంపారు, ఆరామాలని గోదాములుగా, జైళ్లుగా వాడారు.

ఆ పదిహేను రోజుల్లో పోయినవాళ్ల పేర్లు కాగితం మీద రాసి భిక్షువులకి ఇస్తారు. కాబట్టి మీరు వెతికే జాబితా వదినగారి దగ్గర ఇదివరకే ఉండి ఉండొచ్చు, ఏటా రాసే కాగితమే. కోడలి చేత ఇలా అడిగించండి: "మా అత్తయ్యగారు మహాలయంలో వాళ్ల పెద్దలకి అన్నం పెడతారట. మనవాళ్ల పేర్లు కూడా చెప్పి పెట్టవచ్చా అంటున్నారు." ఇష్టమైతే ఇస్తారు. ఇవ్వకపోతే మళ్లీ అడగవద్దు. కోడలిని కూడా అమ్మమ్మ కథ చెప్పమని పీడించకండి. ఆ ఇళ్లల్లో పిల్లలకి చాలావరకు తెలియదు. అన్నం వదిలేసినప్పుడు తిన్న తిట్లలోంచి ముక్కలు ముక్కలుగా ఏరుకున్నదే వాళ్లకి తెలిసిన చరిత్ర.

తిథి తెలియదే అంటారా? మాది దివిసీమ పక్క ఊరు. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెనలో మా మేనత్తా వాళ్ల ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయారు. ముగ్గురి శవాలు దొరకనే లేదు. మా నాన్న పోయేదాకా మహాలయ అమావాస్యనాడే వాళ్లకి పెట్టారు. తిథి తెలియనివాళ్లందరికీ ఆ రోజు ఉంది. మీ పంతులుగారికి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక ప్రవరకి కావలసింది అమ్మాయి ముత్తాత, తాత, తండ్రి పేర్లు. ఖ్మేర్ వాళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. చాలా కుటుంబాల్లో తండ్రి పేరో తాత పేరో తర్వాతివాళ్లకి ఇంటిపేరవుతుంది. అంటే మీ వియ్యంకుడి ఇంటిపేరే ఆయన తాత పేరు అయివుండే వీలుంది, అడిగి చూడండి. అదీ తెలియకపోతే తెలిసినంతవరకే చదవమనండి. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పి పెళ్లిళ్లు చేయడం మన పంతుళ్లకి అలవాటే. ఖాళీ కనబడుతుందని ఏదో ఒక పేరు కల్పించి చదివించడం మాత్రం నాకు నచ్చదు. అమ్మమ్మగారు అక్కడే కూర్చుని వింటూ ఉంటారు, తెలుగు రాకపోయినా పేర్లు తెలుస్తాయి. వాళ్ల పెళ్లిళ్లలో కూడా పెద్దలకి నైవేద్యం పెట్టే తంతు ఉంది, 'సేన్ దోన్ తా' అంటారు. (తా అంటే తాతే.) పెళ్లికి ముందురోజు ఒక గంట ఆ తంతుకి వదిలేయండి. గుంటూరులో అయినా సరే, ఒక పీట, పళ్లు, అన్నం, అగరొత్తులు చాలు. ఏం కావాలో వదినగారే చెబుతారు.

మీ ఆడపడుచులకి ఏం చెప్పాలి? నేనైతే కథ చెప్పను, లెక్క చెబుతాను. ఎనభై లక్షల జనాభా ఉన్న దేశంలో సుమారు పదిహేడు లక్షల మంది ఆకలికి, రోగాలకి, గొడ్డుచాకిరీకి, హత్యలకి పోయారు. ఫ్నోమ్ పెన్ జనాన్ని ఊళ్లోంచి తోలెయ్యడం నేరమని 2014 ఆగస్టు 7న న్యాయస్థానం తీర్పిచ్చి, అప్పటికి బతికున్న పెద్ద నాయకులు నువాన్ చియా, ఖియూ సంఫాన్‌లకి యావజ్జీవం వేసింది. పోల్ పాట్ మాత్రం 1998లో ఏ అంతర్జాతీయ కోర్టు ముందూ నిలబడకుండానే చచ్చాడు. "ఎవరూ లేని సంబంధం" అన్న మాట మీ ఇంట్లో ఇంకోసారి వినబడితే గట్టిగానే కోప్పడండి. ఈ ఒక్క విషయంలో మీరు మెత్తగా ఉండాల్సిన పని లేదు.

మీ అబ్బాయి 'అడక్కు' అన్నది సగం నిజం. ఏమీ అడక్కుండా దూరంగా ఉంటే వాళ్లని చూసి జంకుతున్నట్టు ఉంటుంది. పోయినవాళ్ల చావు గురించి వద్దు గానీ బతుకు గురించి మెల్లగా అడగవచ్చు. అక్కడ మీ ఇల్లు ఏ ఊళ్లో ఉండేది, మీ అమ్మగారు ఏం వండేవారు, ఏ పిల్లకి అల్లరి ఎక్కువ. చెబితే వినండి. మధ్యలో ఆపేస్తే ఆపేసినట్టు ఉండండి. "పోనీలెండి, ఇప్పుడు బాగున్నారు కదా" అని మాత్రం ముగించకండి. మనకి అది నోటికొచ్చే మాట, నాకు తెలుసు.

అన్నట్టు, పెళ్లికి వచ్చినప్పుడు ఎవరి మెడ మీదో వీపు మీదో ఎర్రటి చారలు కనబడితే కంగారు పడకండి. ఒంట్లో 'ఖ్యాల్' అంటే గాలి చేరిందని నాణెంతో గీరుకుంటారు. మనవాళ్లు వాతం అన్నట్టే. టెన్షన్ ఎక్కువైనప్పుడు ఆ గాలి పైకి తంతుందని వాళ్ల నమ్మకం. పెళ్లింటి గోల, మైకులు, ముఖ్యంగా టపాసులు అమ్మమ్మగారికి పడకపోవచ్చు. విడిది గది వీధి వైపు కాకుండా వెనక ఇప్పించండి. గదిలో ఒక డబ్బా నిండా చేగోడీలో బిస్కెట్లో పెట్టి, అది ఆవిడదేనని చెప్పించండి.

ఈలోగా ఫోన్ చేయండి. మనలాగే వాళ్లకీ 'అన్నం తిన్నావా' అన్నదే పలకరింపు. ఈడువాళ్లతో 'ఞామ్ బాయ్' అంటారు, పెద్దవాళ్లతో 'పిసా బాయ్' అనాలి. మనకి తిన్నావా, భోంచేశారా తేడా ఉన్నట్టే. అమ్మమ్మని 'యేయ్' అని పిలుస్తారు. కాబట్టి "యేయ్, పిసా బాయ్ హాయ్ నౌ?" అనండి. ఉచ్చారణ కోడలు దిద్దుతుంది. ఆవిడ తిన్నానంటే, ఏం కూర అని అడగండి.